శుభలేఖ తెరుచుకుంది, పేరు మార్చడం కుదరలేదు

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడితే మా బావగారి డీటీపీ సెంటర్లో ఎవరికీ ఊపిరాడదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. ఆదరాబాదరాగా కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. పల్చగా ఉంది, వేడెక్కదు, ఒకసారి ఛార్జి పెడితే రోజంతా వస్తుంది. లోపల ఉన్నది ఇంటెల్ కాదు, ఏఎండీ కూడా కాదు. ఫోన్లలో ఉండే ఆర్మ్ కుటుంబానికి చెందిన స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్. "విండోస్ పదకొండే కదండీ, అన్నీ నడుస్తాయి" అన్నారట అమ్మినవాళ్ళు.

నేను వెళ్ళేసరికి శుభలేఖల్లాంటివి పేజీలుగా కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0 ఎక్కించేసి ఉంది. మొదటిసారి తెరుచుకోవడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది గానీ తెరుచుకుంది. పోయినేడాది చేసిన శుభలేఖ ఫైలు తెరిస్తే అక్షరం పొల్లుపోకుండా కనిపించింది. తీరా వధువు పేరు మార్చుదామని కర్సర్ పెట్టి టైప్ చేస్తే తెలుగు రాలేదు. కొమ్ములు ఒకచోట, దీర్ఘాలు ఒకచోట, ముక్కలు ముక్కలుగా పడ్డాయి. స్క్రీన్ మీద తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తాలూకు చిన్న పెట్టె ఒకటి వచ్చింది: లాక్ దొరకలేదు. లాక్ అంటే ఆ సాఫ్ట్‌వేర్ కొన్నదే అని రుజువు చూపే చిన్న బిళ్ళ, అది యూఎస్‌బీలో గుచ్చే ఉంది. దాని ఎర్ర లైటు మాత్రం వెలగడం లేదు.

"అంత పెద్ద పేజ్‌మేకరే నడుస్తుంటే, ఈ బుల్లి సాఫ్ట్‌వేర్‌కి ఏమొచ్చింది?" అన్నారు బావగారు.

ఆ ప్రశ్నకి జవాబు తెలిస్తే ఈ మొత్తం వ్యవహారం విడిపోతుంది. పాత సాఫ్ట్‌వేర్ కొత్త ప్రాసెసర్ మీద నడుస్తుందా అని అడిగితే అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఎందుకంటే మనం సాఫ్ట్‌వేర్ అని ఒక్క మాటలో అనేది ఒక్క వస్తువు కాదు. ఆ రోజు ఆ టేబుల్ మీద మూడు వస్తువులున్నాయి: శుభలేఖ ఫైలూ అందులోని ఫాంటూ ఒకటి, పేజ్‌మేకర్ ఒకటి, లాక్‌తో కంప్యూటర్‌ని మాట్లాడించే లాక్ డ్రైవర్ ఒకటి. మూడింటికీ మూడు గతులు పట్టాయి.

ఫాంటు సంగతి తేలిక. అది ప్రోగ్రాం కాదు, అక్షరాల ఆకారాలు రాసిపెట్టిన సమాచారం. ఏ ప్రాసెసర్ అయినా చదువుకుంటుంది. అందుకే పాత శుభలేఖ చెక్కుచెదరకుండా కనిపించింది.

పేజ్‌మేకర్ అలా కాదు. ప్రోగ్రాం అంటే ప్రాసెసర్‌కిచ్చే ఆదేశాల వరస. ఆ ఆదేశాలు ఏ భాషలో ఉండాలో ప్రాసెసర్‌ని తయారుచేసేటప్పుడే ఖాయమైపోతుంది. ఇంటెల్ 1978లో తెచ్చిన 8086 చిప్ నుంచి ఇప్పటిదాకా పెరుగుతూ వచ్చిన భాషను ఎక్స్86 అంటారు. ఆర్మ్ వేరే భాష. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే కంపెనీలో పుట్టింది, దాని మొదటి చిప్ 1985లో పనిచేసింది. రెండూ కూడికలు, తీసివేతలు చేసేవే. కానీ చెప్పే తీరు పూర్తిగా వేరు.

ఒక్క కూడికని దగ్గరగా చూద్దాం. రెండు అంకెలు ప్రాసెసర్‌లోని రెండు అరల్లో ఉన్నాయి. ఈ అరలనే రిజిస్టర్లు అంటారు. రెండో అరలోది మొదటి అరలోదానికి కలపమని ఎక్స్86లో చెప్పడానికి రెండు బైట్లు (బైటంటే ఎనిమిది బిట్లు, బిట్టంటే ఒక సున్నా లేదా ఒకటి) చాలు: 01, డి8. అదే పని ఆర్మ్‌లో చెప్పాలంటే నాలుగు బైట్లు: 00, 00, 01, 0బి. ఎక్స్86లో ఆదేశం ఒక బైటు పొడవుండొచ్చు, పదిహేను బైట్లూ ఉండొచ్చు. ఇప్పటి 64 బిట్ల ఆర్మ్‌లో ప్రతి ఆదేశమూ కచ్చితంగా నాలుగు బైట్లే. కాబట్టి పేజ్‌మేకర్‌లోని ఆ కూడికని ఆర్మ్ చిప్‌కి నేరుగా ఇస్తే అది రెండు బైట్ల దగ్గర ఆగదు. తర్వాతి ఆదేశంలోంచి ఇంకో రెండు బైట్లు లాక్కుని, నాలుగూ కలిపి ఒకే మాటగా చదువుతుంది. ఆ మాటకి అర్థం ఉండదు. ఉన్నా అది మనం చెప్పిన మాట కాదు.

కాబట్టి మధ్యలో దుబాసీ కావాలి. విండోస్‌లో ఆ దుబాసీ పేరు ప్రిజమ్, 2024లో ఆ పేరుతో వచ్చింది. ఆపిల్ మ్యాక్‌లలో రొసెట్టా 2, ఆపిల్ సొంత ఆర్మ్ చిప్ ఎం1తో పాటు 2020 నవంబరులో వచ్చింది. రెండూ చేసేది తర్జుమాయే. చేసే వేళలోనే తేడా. ప్రిజమ్ ప్రోగ్రాం నడుస్తుండగా ముక్క ముక్కగా తర్జుమా చేస్తూ, చేసినదాన్ని డిస్కులో దాచుకుంటుంది. మా బావగారి పేజ్‌మేకర్ మొదటిసారి తాపీగా, రెండోసారి చురుగ్గా తెరుచుకోవడానికి ఈ దాచుకోవడం ఒక కారణం. రొసెట్టా 2 ఇంకో అడుగు ముందుకేసి, ప్రోగ్రాం ఎక్కించేటప్పుడో మొదటిసారి తెరిచేటప్పుడో దాదాపు మొత్తం ఒకేసారి తర్జుమా చేసి పెట్టుకుంటుంది. బ్రౌజర్లలాగా నడుస్తూనే కొత్త ఆదేశాలు పుట్టించుకునే ప్రోగ్రాంలున్నాయి. వాటికి మాత్రం అప్పటికప్పుడే చేస్తుంది.

ఇక్కడిదాకా చదివితే ఇది నిఘంటువు చూసి మాటకి మాట పెట్టే పనిలా అనిపించొచ్చు. అంత సుళువైతే ఇంత కథ ఉండేది కాదు. ఎక్స్86 కూడిక చేసి ఊరుకోదు. ఫలితం సున్నా అయిందా, మిగులు వచ్చిందా, గుర్తు మారిందా అని పక్కన చిన్న చిన్న జెండాలు ఎత్తి పెడుతుంది. వాటిలో ఒకటి, ఫలితం చివరి బైటులో ఒకట్ల లెక్క సరిసంఖ్యా కాదా అని చెబుతుంది. 1970ల మొదట్లో కంప్యూటర్లకీ టెర్మినళ్ళకీ మధ్య తీగల మీద వచ్చే అక్షరాల్లో తప్పు దొర్లిందేమో చూసుకోవడానికి పనికొచ్చిన జెండా అది. ఆ అవసరం ఎప్పుడో తీరిపోయినా ఎక్స్86 దాన్ని వదల్లేదు. ఆర్మ్‌లో ఆ జెండాయే లేదు. తర్జుమా చేసేవాడు ప్రతి కూడిక తర్వాతా ఆ జెండాని విడిగా లెక్కగట్టాలంటే ఒక్క ఆదేశం అయిదారు ఆదేశాలై కూర్చుంటుంది. అందుకని తెలివైన తర్జుమా ముందుచూపు చూస్తుంది: ఈ జెండాని తర్వాత ఎవరైనా అడుగుతున్నారా? లేదంటే వదిలేస్తుంది. ఆపిల్ ఈ లెక్క గట్టే ఏర్పాటు తన చిప్‌లోనే పెట్టుకుంది. పాత భాష కోసం కొత్త చిప్‌లో తీగలు గీయడమంటే ఎంత పట్టుదల ఉండాలో ఆలోచించండి.

రెండో చిక్కు ఇంకా లోతైనది. నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా నచ్చేదీ అదే. పెళ్ళి బంతి ఊహించుకోండి. ఒకాయన ఆకుల్లో వడ్డన పూర్తిచేసి, ఆ తర్వాతే "రండి, కూర్చోండి" అని కేకేస్తాడు. వచ్చినవాళ్ళకి కేక వినపడిందంటే ఆకులో అన్నం ఉన్నట్టే. ప్రాసెసర్‌లో ఇప్పుడు చాలా కోర్లుంటాయి, అంటే విడివిడిగా పనిచేసే భాగాలు. ఒక కోర్ మెమరీలో సమాచారం రాసి, ఆ తర్వాత సిద్ధం అనే గుర్తు రాస్తుంది. ఇంకో కోర్ గుర్తు చూసి సమాచారం తీసుకుంటుంది. ఎక్స్86లో ఒక కోర్ రాసిన వరసలోనే మిగతా కోర్లకి కనిపిస్తుందని హామీ ఉంది. ఆర్మ్‌లో ఆ హామీ లేదు. వేగం కోసం రాతలు వెనకా ముందూ కనిపించొచ్చు. అంటే అన్నం పడకముందే కేక వినిపించొచ్చు, వచ్చినవాళ్ళు ఖాళీ ఆకు ముందు కూర్చోవచ్చు. ఆర్మ్ కోసం రాసిన ప్రోగ్రాంలు ఈ సంగతి తెలిసి, అవసరమైనచోట అడ్డుకట్ట వేసుకుంటాయి. పాత ఎక్స్86 ప్రోగ్రాంకి ఆ ఊసే తెలియదు. తర్జుమాలో ప్రతి రాత దగ్గరా అడ్డుకట్ట వేస్తే వరస నిలుస్తుంది గానీ వేగం పడిపోతుంది. ఆపిల్ ఇక్కడ కూడా చిప్‌లోనే ఒక మీట పెట్టింది. రొసెట్టా ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ కోర్ ఎక్స్86 వరస పాటిస్తుంది, మామూలు ప్రోగ్రాం వచ్చినప్పుడు మానేస్తుంది. ఎం1 వచ్చిన కొత్తలో చేసిన పరీక్షల్లో తర్జుమా అయిన ప్రోగ్రాంలు అసలు వేగంలో నాలుగింట మూడొంతులకు పైగానే అందుకోవడం వెనక ఇలాంటి పనులున్నాయి. తర్జుమా సాఫ్ట్‌వేర్ ఘనత ఎంతో, దాని కోసం వంగిన చిప్ ఘనత కూడా అంతే.

ఇంకో సదుపాయం కూడా కలిసొచ్చింది. 64 బిట్ల ఎక్స్86లో మామూలు పనులకి వాడే రిజిస్టర్లు పదహారు, ఆర్మ్‌లో ముప్పై ఒకటి. చిన్న ఇంట్లోంచి పెద్ద ఇంటికి మారినట్టు సామాను మొత్తం పట్టింది, తర్జుమా తన సొంత పనులకి వాడుకోవడానికి గదులూ మిగిలాయి. ఇదే తర్జుమా తిరగేసి ఆర్మ్ నుంచి ఎక్స్86కి చేయాలంటే ఇంత సుఖంగా ఉండదు.

ఇప్పుడు లాక్ దగ్గరికి వద్దాం. తర్జుమాకి రెండు గోడలున్నాయి. వాటిని దాటదు.

మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్ గుండె దగ్గరుంది, దాన్నే కెర్నల్ అంటారు. ప్రింటర్, స్కానర్, యూఎస్‌బీ లాక్ లాంటి వస్తువులతో మాట్లాడే డ్రైవర్లలో చాలావి అక్కడ కూర్చుని పనిచేస్తాయి. తర్జుమా నడిచేది కెర్నల్ బయట మాత్రమే. ఆర్మ్ విండోస్‌లో కెర్నల్ డ్రైవర్ ఆర్మ్ భాషలోనే ఉండి తీరాలి. మ్యాక్‌లోనూ రొసెట్టా ఇంటెల్ కెర్నల్ ఎక్స్‌టెన్షన్లను ముట్టుకోదు. బావగారి లాక్‌కి డ్రైవర్ ఎక్స్86లో ఉంది, అదీ ఏళ్ళనాటిది. దాన్ని కెర్నల్ లోపలికి రానివ్వలేదు కాబట్టి లాక్‌తో మాట్లాడేవాళ్ళు లేరు. టైపింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాణం ఆ లాక్‌లో ఉంది. తను తర్జుమా అయి నడుస్తూనే "లాక్ దొరకలేదు" అని చెప్పింది. నడవకపోతే ఆ మాటైనా చెప్పేది కాదు. అదే ఆయనకి చూపించాను.

రెండో గోడ ఒక్కో ప్రోగ్రాం చుట్టూ ఉంటుంది. నడుస్తున్న ఒక ప్రోగ్రాంలోకి వేరే భాష ముక్కని తెచ్చి అతికించడం సాధారణంగా కుదరదు. ఆర్మ్ భాషలో నడుస్తున్న ప్రోగ్రాం ఎక్స్86 ప్లగిన్‌ని, అంటే అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాంని, లోపలికి తీసుకోలేదు. ఎం1 మ్యాక్‌లకి మారిన సంగీతం రికార్డింగ్ స్టూడియోలకి ఈ దెబ్బ బాగా తగిలింది. పాట మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్ కొత్తది, అందులో ప్రతిధ్వని తెచ్చే రివర్బ్ ప్లగిన్ పాతది. సాఫ్ట్‌వేర్ తెరిస్తే ప్లగిన్ జాబితాలో పాతవి మాయం. దీనికి మందు ఏమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ ఐకన్ మీద గెట్ ఇన్ఫో తెరిచి, అక్కడున్న ఓపెన్ యూజింగ్ రొసెట్టా గడిలో టిక్కు పెట్టడం. అప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ కూడా తన ఇంటెల్ రూపంలో తర్జుమా మీద నడుస్తుంది, పాత ప్లగిన్లు కనిపిస్తాయి. ఒక్క ప్లగిన్ కోసం ఇల్లంతా పాత భాష మాట్లాడటమన్నమాట.

తెలుగువాళ్ళకి ఈ రెండో గోడ ఇంకోచోట తగులుతుంది. కీబోర్డు నొక్కుల్ని మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు ప్రతి ప్రోగ్రాంలోకీ తొంగిచూడాలి. ఆర్మ్ విండోస్‌లో ఇలాంటి ఇన్‌పుట్ సాఫ్ట్‌వేర్లను ఆర్మ్ కోసం మళ్ళీ తయారుచేయాల్సిందేనని మైక్రోసాఫ్టే చెబుతుంది. అంటే లాక్ గొడవ లేకపోయినా, తర్జుమాలో నడుస్తున్న పాత ప్రోగ్రాంలో పనిచేసిన టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఆర్మ్ భాషలో ఉన్న కొత్త ప్రోగ్రాంలో మూగబోవచ్చు. విండోస్‌తో వచ్చే తెలుగు కీబోర్డుకీ, ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌కీ మారినవాళ్ళకి ఈ బాధ లేదు.

ఇక్కడ చాలామంది తికమకపడే మాట ఒకటుంది. "వర్చువల్ మెషీన్ పెడితే సరిపోదా?" అంటారు. ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపే ఈ వర్చువల్ మెషీన్ అనేది ఇంట్లో గోడ కట్టి ఇంకో వాటా చేయడం. వాటా వేరైనా పునాది అదే, అంటే ప్రాసెసర్ అదే. ఆర్మ్ మ్యాక్‌లో ప్యారలల్స్ అనే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ పెట్టి మామూలుగా నడిపేది ఆర్మ్ విండోస్‌నే. ఆ విండోస్ లోపల మళ్ళీ దాని సొంత తర్జుమా ఎక్స్86 ప్రోగ్రాంలని నడుపుతుంది. కెర్నల్ గోడ ఎక్కడికీ పోలేదు, లాక్ అక్కడా వెలగదు. ఇంటెల్ మ్యాక్‌లలో విండోస్‌ని నేరుగా ఎక్కించుకునే బూట్ క్యాంప్ కూడా ఆపిల్ చిప్‌లున్న మ్యాక్‌లలో లేదు.

ఇది కాక ఇంకో దారి ఉంది. ప్రాసెసర్, మెమరీ, డిస్కు, అన్నీ కలిపి పాత కంప్యూటర్ మొత్తాన్ని సాఫ్ట్‌వేర్‌గా కట్టడం. ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో మొదలుపెట్టిన క్యూఈఎంయూ ఈ పని చేస్తుంది. విండోస్‌కి ముందునాటి డాస్ ప్రోగ్రాంలకి డాస్‌బాక్స్ ఉంది. ఇందులో లోపలి కెర్నల్ కూడా పాతదే కాబట్టి పాత డ్రైవర్లకీ చోటుంటుంది. కాకపోతే నిదానం. ఆ నిదానం ఎవరికి అడ్డమో చూడండి: 1990ల నాటి డాస్ లెక్కల ప్రోగ్రాం అప్పటి యంత్రం మీద పరిగెత్తినదానికన్నా ఇప్పుడు పదో వంతు శక్తితోనే వేగంగా పరిగెత్తుతుంది. దానికి కావలసింది గుప్పెడు. అందుకే ముప్పై ఏళ్ళ నాటిది హాయిగా నడుస్తుంటే, ఏడెనిమిదేళ్ళ నాటి భారీ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మొండికేస్తుంది. ఎంత పాతది అన్నది అంత ముఖ్యం కాదు. ఎంత శక్తి అడుగుతుంది, కెర్నల్‌ని ముట్టుకుంటుందా, ముందు ఈ రెండూ చూడాలి. 1990ల ప్రోగ్రాంలలో కొన్నిటికి ఇంకో మెలిక కూడా ఉంటుంది. ప్రోగ్రాం 32 బిట్లదే అయినా దాన్ని ఎక్కించే ఇన్‌స్టాలర్ 16 బిట్లది. 64 బిట్ల విండోస్ 16 బిట్లవాటిని నడపదు. కాబట్టి గుమ్మంలోనే ఆగిపోతుంది, లోపలున్నది బాగానే ఉన్నా సరే.

ఇవన్నీ దాటి పాత సాఫ్ట్‌వేర్ నడుస్తోందనుకుందాం. ఎన్నాళ్ళు? ఈ ప్రశ్న చాలామంది అడగరు, అడగాల్సింది ఇదే. ఆపిల్ ఈ దారిలో మూడుసార్లు నడిచింది. 1994లో మోటరోలా 68000 కుటుంబం నుంచి పవర్‌పీసీకి మారినప్పుడు, ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే చాలా భాగం పాత భాషలో ఉండి తర్జుమా మీద నడిచింది. 2006లో పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కి మారినప్పుడు మొదటి రొసెట్టా వచ్చింది. మాంచెస్టర్ యూనివర్సిటీ పరిశోధనలోంచి పుట్టిన ట్రాన్సిటివ్ అనే కంపెనీ సాంకేతికత అది. 2011లో లయన్ అనే మ్యాక్ సిస్టమ్ వచ్చేసరికి దాన్ని తీసేశారు. అయిదేళ్ళు. ఆ రోజుతో యాపిల్‌వర్క్స్‌లో ఉత్తరాలు, లెక్కలు రాసుకున్నవాళ్ళకి ఆ ప్రోగ్రాం కొత్త సిస్టమ్ మీద తెరుచుకోలేదు. కొన్నాళ్ళు ఆపిల్ వాళ్ళదే పేజెస్ 09 ఆ ఉత్తరాలని తెరిచింది. 2013లో వచ్చిన పేజెస్ తెరవలేదు.

రొసెట్టా 2కి కూడా గడువు పడింది. 2025 జూన్‌లో ఆపిల్ చెప్పేసింది: మ్యాక్‌ఓఎస్ 27 దాకా అది పూర్తిగా ఉంటుంది, ఆ తర్వాత కొన్ని పాత గేముల కోసం కొంత భాగమే మిగులుతుంది. మైక్రోసాఫ్ట్ తీరు వేరు, పాతవాటిని ఎక్కువకాలం మోస్తుంది. అయినా 16 బిట్ల ప్రోగ్రాంల గతి చూశాక అక్కడా శాశ్వతం అనుకోలేం. నా అభిప్రాయంలో తర్జుమా అనేది సాఫ్ట్‌వేర్‌ని బతికించడానికి కాదు, మన పనిని అందులోంచి బయటికి తెచ్చుకునేందుకు ఇచ్చిన వ్యవధి. నడుస్తోంది కదా అని ఆ వ్యవధిని ఖర్చుపెట్టేస్తే గడువు నాడు మన ఫైళ్ళు మనకే పరాయివవుతాయి.

పేజ్‌మేకర్ ఫైళ్ళ విషయంలో ఈ కష్టం రెండు మడతలుగా ఉంది. 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. ఆ ఫైళ్ళని పేజ్‌మేకర్ తర్వాత అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో సీఎస్6 దాకా వచ్చినవి తెరుస్తాయి, తర్వాతివి తెరవవు. తెరిచినా లోపలున్న తెలుగు నిజానికి తెలుగు కాదు. యూనికోడ్‌కి ముందునాటి పద్ధతిలో అవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, పైన తెలుగు బొమ్మల ఫాంటు తొడుగు. ఫాంటు తీసేస్తే మిగిలేది చెత్త. బావగారు టైప్ చేసినప్పుడు కొమ్ములూ దీర్ఘాలూ చెల్లాచెదురుగా పడింది ఇందుకే: కీబోర్డు ఇంగ్లీషు అక్షరాలు పంపింది, ఫాంటు ఆ సంకేతాల దగ్గరున్న తెలుగు ముక్కల్ని చూపించింది. ఏ ముక్క తర్వాత ఏ ముక్క పడాలో కూర్చే టైపింగ్ సాఫ్ట్‌వేర్ లాక్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఆ పాఠాన్ని వెతకాలన్నా, ఫోన్‌లో పంపాలన్నా యూనికోడ్‌కి మార్చుకోవాలి. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర తడబడతాయి. మనిషి కూర్చుని చదివి సరిచేయాలి.

ఆ సాయంత్రానికి పక్క వీధి మెకానిక్ దగ్గర పాత ఇంటెల్ కంప్యూటర్ ఒకటి దొరికింది. కాలిపోయినదానిలోని హార్డ్‌డిస్కు తీసి అందులో బిగించాం. కొన్ని డ్రైవర్లు మళ్ళీ ఎక్కించుకుని విండోస్ లేచింది. లాక్ గుచ్చగానే ఎర్ర లైటు వెలిగింది. వధువు పేరు పడింది, రాత్రికి ట్రేసింగ్ తీసి ప్లేటుకి పంపారు.

కొత్త ల్యాప్‌టాప్‌ని వెనక్కి ఇవ్వలేదు. పనులు తక్కువున్న మధ్యాహ్నాల్లో మా మేనకోడలు పాత కంప్యూటర్‌లో ఒక్కో ఫైలూ తెరిచి పీడీఎఫ్ చేస్తోంది. మళ్ళీ మళ్ళీ అడిగే పాఠాలు, పంచాంగం పేజీలు, గుడి కరపత్రాలు, కన్వర్టర్‌లో పెట్టి యూనికోడ్‌కి మార్చి, కొత్త ల్యాప్‌టాప్‌లో చదివి తప్పులు దిద్దుతోంది. మొన్న వెళ్ళినప్పుడు 2009 ఫోల్డర్ దగ్గరుంది. అందులో వాళ్ళ చిన్నత్త పెళ్ళి శుభలేఖ దొరికితే నాకు వాట్సాప్‌లో పంపింది, ఫైలు బొమ్మగా కాదు, అక్షరాలుగానే.